అసమ్మతి కూడా పుస్తకంలో ఉండాలి



2022 జూలైలో వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచినప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడి గేట్లకు తాళాలు వేశారు. పిల్లల్ని వెంటబెట్టుకుని రోడ్ల మీద కూర్చున్నారు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ ఇదే జరిగింది. వాళ్లేమీ కొత్త బడి కట్టించమని అడగలేదు. ఉన్న బడిని ఉన్నచోటే ఉండనివ్వమన్నారు, అంతే.

గొడవకు కారణం ఆ ఏడాది జూన్ 10న వచ్చిన 117వ నంబరు జీవో. ప్రాథమిక బడిలోని మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని కిలోమీటరు లోపు ఉన్న హైస్కూలుకి తరలించాలని దాని సారాంశం. పాత బడిలో ఒకటి, రెండు తరగతులు మాత్రం మిగులుతాయి. బడుల పేర్లు కూడా మారాయి. ఫౌండేషన్ స్కూలు, ఫౌండేషన్ ప్లస్, ప్రీ హైస్కూలు, హైస్కూలు ప్లస్ అంటూ ఆరు రకాలు వచ్చాయి. నిన్నటిదాకా ఊరందరికీ అది ఊరి బడి. తెల్లారేసరికి ఎనిమిదేళ్ల పిల్ల పొరుగూరి హైస్కూలు విద్యార్థిని అయిపోయింది.

ఈ కిలోమీటరు లెక్క గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. మాది కొత్తవలస. హౌరా నుంచి చెన్నై వెళ్లే మెయిన్ లైను మా ఊరి మీదుగానే పోతుంది. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే కేకే లైను వచ్చి కలిసేదీ ఇక్కడే. విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లే రోడ్డు కూడా మా మధ్యలోంచే పోతుంది. పగలూ రాత్రీ లారీలు, టూరిస్టు బస్సులు, గూడ్సు బళ్లు. కాగితం మీద ఇటునుంచి అటు కిలోమీటరు చూపించడం తేలిక. ఆ గీత పట్టాల్ని దాటుతుంది, లారీల రోడ్డును దాటుతుంది, వానాకాలంలో గెడ్డను కూడా దాటుతుంది. ఆ గీత మీద నడవాల్సిన పిల్ల మాత్రం గేటు పడితే గూడ్సు బండి పోయేదాకా నిలబడాలి. లేదంటే అందరూ చేసే పనే చేసి, వంగి గేటు కిందనుంచి దూరాలి. ఆ రోజుల్లో తల్లిదండ్రులు పెట్టిన అభ్యంతరాల్లో రోడ్డు, వాగు, రైలు పట్టాలు అనే మూడు మాటలు రాష్ట్రమంతటా వినిపించాయి. అధికారి పటంలో కనపడని దూరం తల్లికి కనపడుతుంది. అందుకే ఆమెను అడగాలి.

న్యాయంగా రెండో పక్షం మాట కూడా చెప్పాలి. మన ప్రాథమిక బడుల్లో చాలాచోట్ల అయిదు తరగతులకు ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు. విద్యాహక్కు చట్టం ప్రకారమే 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. ఒక మేస్టారు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, అదే గదిలో అయిదో తరగతికి భాగహారం చెప్పాలి. ఆయన సెలవు పెట్టిన రోజు బడి ఉన్నా లేనట్టే. మూడో తరగతి నుంచే సబ్జెక్టుకొక టీచరు ఉంటే చదువు మెరుగవుతుందన్న ఆలోచనను కొట్టిపారేయలేం. బడి దగ్గరగా ఉండాలని పిల్ల తల్లి అంటుంది, బడిలో తగినంతమంది టీచర్లుండాలని ప్రభుత్వం అంటుంది. రెండూ నిజమైన అవసరాలే. నిజమైన అవసరాలు రెండు ఢీకొన్నప్పుడు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు కావాలి. ఆ చోటు మనకు చట్టంలో ఉంది. దాని పేరు పాఠశాల యాజమాన్య కమిటీ. మన వాడుకలో పేరెంట్స్ కమిటీ, పాతవాళ్ల మాటలో విద్యా కమిటీ.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సమాజ భాగస్వామ్య చట్టం చేసి బడులకు విద్యా కమిటీలు పెట్టారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ఆ ఏర్పాటును దేశమంతటికీ తప్పనిసరి చేసింది. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రుల్ని తల్లిదండ్రులే ఎన్నుకుంటారు. అంటే అయిదు తరగతులున్న బడికి 15 మంది. అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు వాళ్లవే. హెడ్మాస్టరు కన్వీనరు, అంటే సభను పిలిచి నడిపించే మనిషి. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఈ ఎన్నికలు జరిగాయి.

సంరక్షకులు అన్న మాటను మన ప్రాంతం వాళ్లు గట్టిగా పట్టుకోవాలి. ఉత్తరాంధ్రలో అమ్మానాన్నలు పనికోసం చెన్నైకో హైదరాబాదుకో పోయి, పిల్లల్ని అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర వదిలిన ఇళ్లు ఎన్ని లేవు! ఆ ముసలమ్మ కూడా ఆ కమిటీకి నిలబడొచ్చు, ఓటెయ్యొచ్చు. నాకేటి తెలుసు, నాకు సదువు రాదు అని ఆమె వెనక్కి తగ్గనక్కర్లేదు. చదువుకున్న వాళ్లే సభ్యులు కావాలని చట్టంలో ఎక్కడా లేదు.

ఇంత ఏర్పాటు ఉండి, 2022లో గొడవ కమిటీ గదిలో కాకుండా గేటు దగ్గర ఎందుకు జరిగింది? నిర్ణయం గదిలోకి రాకముందే అయిపోయింది కాబట్టి. ఒక సంగతి గుర్తు చేసుకోండి. 2019 నవంబరులో మొదలైన, బడులు బాగుచేసే నాడు నేడు పనులకు ఈ కమిటీలనే ముందు పెట్టారు. మొదటి దశలోనే 15 వేలకు పైగా బడులు. సిమెంటు, ఇసుక, టైల్సు, మరుగుదొడ్లు, ఆ డబ్బంతా కమిటీల ద్వారానే ఖర్చయింది. లక్షల రూపాయల లెక్క చూడగలరని నమ్మిన ఆ తల్లుల్నే, అదే బడిలో తమ పిల్లలు ఏ తరగతి దాకా చదవాలో ముందుగా అడగలేదు. ఇది నన్ను చాలా బాధపెట్టిన విషయం. మూడు తరగతులు బయటికి పోతే ఆ తరగతుల తల్లిదండ్రులకు కమిటీలో ఉన్న స్థానాలు కూడా పోతాయి. 15 మంది కూర్చున్న చోట ఆరుగురు మిగులుతారు. ఈ సంగతి అప్పట్లో ఎక్కువమంది మాట్లాడుకోలేదు.

నిరసనలు పెరిగాక ప్రభుత్వం జిల్లాల్లో జాయింట్ కలెక్టర్ల ఆధ్వర్యంలో అభ్యంతరాలు పరిశీలించమంది. అప్పటి విద్యాశాఖ మంత్రి బొత్స సత్యనారాయణ గారు మన విజయనగరం జిల్లా వారే. ఎమ్మెల్యేల నుంచి కూడా విజ్ఞప్తులు వెళ్లాయి. జూలైలోనే జీవోకు సవరణ కూడా వచ్చింది. శాసనమండలిలోని పీడీఎఫ్ సభ్యులు బడి కోసం అంటూ బస్సు యాత్ర చేశారు. వీటివల్ల కొన్నిచోట్ల మేలు జరిగింది, కాదనను. అయితే ఎమ్మెల్యే ఇంటికి వెళ్లగలిగిన ఊరికి ఒక దారి, వెళ్లలేని గూడేనికి ఇంకో దారి కాకూడదు కదా. శృంగవరపుకోట పక్కన కొండ మీద ఉన్న ఊరి మాట కూడా కలెక్టరు బల్ల మీదికి చేరాలంటే, అది ఆ బడి కమిటీ తీర్మానాల పుస్తకంలో ఉండాలి.

నేను ఈ రోజు చెప్పదలచుకున్న విషయం ఆ పుస్తకం గురించే.

కమిటీ సభలు కొన్నింటికి వెళ్లి వెనక బెంచీ మీద కూర్చుని విన్నాను. ఎక్కువచోట్ల జరిగే తీరు ఇది. ఉదయం పదకొండు గంటలకు సభ. కొత్తవలస నుంచి పొద్దున్నే రైలెక్కి విశాఖలో పనికి పోయే నాన్న రాలేడు. వస్తే ఆ రోజు కూలి పోతుంది. వచ్చేది తల్లులు. వాళ్లూ ఉపాధి హామీ పని మానుకుని వస్తారు. మేస్టారు పైనుంచి వచ్చిన కాగితం చదువుతారు. ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని ఒక క్షణం చూస్తారు. తర్వాత పుస్తకం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళుతుంది. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. ఒక సభలో ఒక తల్లి పెన్ను పట్టుకుని ఆగింది. "సంతకం సరే గానీ మేస్టారు బాబూ, మా గుంటని రైలుగేటు దాటించీది ఎవులు?" అని అడిగింది. మేస్టారు మంచివారు. "అమ్మా, నా చేతిలో ఏముంది, పైకి చెబుతాను" అన్నారు. ఆమె సంతకం పెట్టింది. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. పుస్తకంలో ఉన్నది ఒక్కటే మాట, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

ఆ తల్లి ఒప్పుకోలేదు. కాగితం మాత్రం ఆమె ఒప్పుకుందని చెబుతోంది. రేపు ఎవరైనా అధికారి ఆ పుస్తకం తెరిస్తే ఆ ఊళ్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదనుకుంటాడు. తప్పు ఆయనది కూడా కాదు.

ఇక్కడ మన విజయనగరం మనిషి ఒకాయన్ని తలుచుకోవాలి. గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కం రాశారని అందరికీ తెలుసు. ఆయన ఒక విద్యా కమిటీ సభ్యుడని, ఆ కమిటీలో ఓడిపోయారని ఎక్కువమంది చెప్పుకోరు. 1910 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో బడి పిల్లలు, కాలేజీ పిల్లలు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న పెద్ద వివాదం నడిచింది. పాత గ్రాంథికంలో రాయాలని జయంతి రామయ్య పంతులు గారి వంటి పెద్దలు. మనుషులు మాట్లాడే తెలుగులో రాయాలని శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, గురజాడ, విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు శ్రీనివాస అయ్యంగారు, స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర. సభలు, కరపత్రాలు, పత్రికల్లో వాదాలు. స్కూలు ఫైనల్లో వాడుక తెలుగులో రాయవచ్చని ఒకసారి వీలిచ్చి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచనపై ఒక ఉపసంఘం వేస్తే అందులో గురజాడ ఉన్నారు. ఎక్కువమంది గ్రాంథికం వైపే మొగ్గారు. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగాలేదు. ఓడిపోయామని ఊరుకోవచ్చు. సభా మర్యాద కోసం సంతకం పెట్టి వచ్చేయవచ్చు. ఆయన అలా చేయలేదు. తన అభ్యంతరాల్ని ఒక్కొక్కటిగా, ఆధారాలతో, ఒక పుస్తకమంత అసమ్మతి పత్రంగా రాసి ఇచ్చారు. 1914లో అది అచ్చయింది. మరుసటి ఏడాది, 1915 నవంబరు 30న, ఆయన పోయారు.

ఆ కమిటీలో గెలిచినవాళ్ల నివేదికను ఈ రోజు పరిశోధకులు తప్ప ఎవరూ తెరవరు. ఓడినాయన పత్రాన్ని మాత్రం ఇప్పటికీ చదువుతున్నారు, మీ పిల్లల తెలుగు వాచకం ఇవాళ ఆయన అడిగిన భాషలోనే ఉంది. ఆ మాటలు ఆనాడు ఆయన నోటితో అని వదిలేసి ఉంటే మనకు దక్కేవి కావు. గిడుగు వారైతే సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులే పెట్టారు. మన జిల్లాల వాళ్లకు బడి సంగతుల్లో గట్టిగా నిలబడి మాట్లాడడం కొత్త కాదని చెప్పడానికి ఇదంతా చెబుతున్నాను. ఆనాటి ఆ గదుల్లో పండితులు, ప్లీడర్లు, జమీందార్లు ఉన్నారు. పిల్లల తల్లులు లేరు. ఇవాళ చట్టం వాళ్లకు కుర్చీ వేసింది. పెద్ద మార్పు ఇది.

భాష సంగతి వచ్చింది కనుక ఇంగ్లీషు మీడియం మాట దాటవేయను. 2019 నవంబరు 5న 81వ నంబరు జీవోతో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తామన్నారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది. అప్పుడు వాలంటీర్ల చేత ఇంటింటికీ ఫారాలు పంపించి తల్లిదండ్రుల అభిప్రాయం తీసుకున్నారు. 96.17 శాతం మంది ఇంగ్లీషు మీడియం కోరారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ కోరిక నిజమైనదేనని నేను నమ్ముతాను. కొత్తవలసలో పొద్దున్నే ప్రైవేటు బడుల పసుపు బస్సులు వీధివీధికీ తిరుగుతాయి. ఫీజు కట్టలేని తల్లి తన పిల్లకూ ఆ ఇంగ్లీషు కావాలనుకుంటే తప్పు పట్టే హక్కు మనలో ఎవరికీ లేదు. నాకున్న ఇబ్బంది వేరే. ఇంటి గుమ్మంలో ఒంటరిగా ఫారం మీద టిక్కు పెట్టడం వేరు, పదిమందితో కూర్చుని టీచర్లున్నారా, పుస్తకాలు రెండు భాషల్లో వస్తాయా, వెనకబడిన పిల్లను ఎవరు చూస్తారు అని అడిగి తేల్చుకోవడం వేరు. ఇక తెలుగు మీడియం కోరిన మూడు శాతం మంది? వాళ్లకు మండల కేంద్రంలో ఒక్క తెలుగు మీడియం బడి ఉంచుతామన్నారు. మండలం చివరి ఊరి పిల్ల కొత్తవలస రావాలన్నమాట. తక్కువమంది కాబట్టి వాళ్లే దూరం నడవాలి అనేది నాకు న్యాయంగా తోచదు.

పై దేశంలో ఎలా ఉందో ఒక్క ఉదాహరణ చెబుతాను. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో థామస్ జెఫర్సన్ హైస్కూలు అని సైన్సుకు పేరుమోసిన ప్రభుత్వ బడి ఉంది. మన దేశం నుంచి వెళ్లిన కుటుంబాల పిల్లలు కూడా అందులో బాగా చేరతారు. ఆ జిల్లా బడులన్నిటినీ ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న స్కూలు బోర్డు నడుపుతుంది. 2020లో ఆ బోర్డు ప్రవేశ పరీక్షను ఎత్తేసింది. అన్ని ప్రాంతాల పిల్లలకూ చోటు దొరకాలని బోర్డు, కష్టపడి చదివిన మా పిల్లలకు అన్యాయమని కొందరు తల్లిదండ్రులు. వీళ్లలో ఆసియా కుటుంబాలవాళ్లు ఎక్కువ. బోర్డు సభల్లో వాదించారు, సంఘం కట్టి కోర్టుకెక్కారు. కింది కోర్టులో గెలిచారు, 2023లో అప్పీలు కోర్టులో ఓడారు, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు చేపట్టనంది. ఎవరిది న్యాయమో తేల్చడానికి ఇది చెప్పడం లేదు. బోర్డు సభల్లో ఎవరు ఏమన్నారన్న రికార్డు కోర్టు వాదనల్లో పనికొచ్చింది. అన్న మాట రాసి ఉంది కాబట్టి ఓడినవాళ్లకూ మూడు మెట్లు ఎక్కే దారి దొరికింది.

మళ్లీ మన దగ్గరికి వస్తే, ప్రభుత్వం మారాక 2025లో 117వ జీవో రద్దయింది. మూడు నుంచి అయిదు తరగతులు ప్రాథమిక బడికి తిరిగొచ్చాయి. దాంతోపాటు తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ బడులు అనే కొత్త ఏర్పాటు వచ్చింది. చుట్టుపక్కల చిన్న బడుల పిల్లలు అక్కడికి చేరితేనే తరగతికొక టీచరు కుదురుతుంది. అంటే దగ్గరి బడా, టీచర్లున్న బడా అన్న పాత ప్రశ్న కొత్త పేరుతో మళ్లీ మన ముందుకొచ్చింది. ఈసారి కమిటీలతో మాట్లాడాలని చెప్పడం మంచి మార్పు. 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతటా తల్లిదండ్రులు, టీచర్ల మెగా సమావేశాలు జరిగాయి. ముగ్గులు, ఆటలు, భోజనాలు, అంతా సంతోషమే. పండగ పండగలాగే ఉండాలి. అయితే పండగ రోజున ఎవరూ అభ్యంతరం చెప్పరు. దానికి మామూలు రోజు, మామూలు సభ, ఆ పుస్తకం కావాలి.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, కమిటీ సభ్యులుగా ఉన్నవాళ్లు ఈ నాలుగు మాటలు వినండి. సభ మీకు వీలైన వేళ పెట్టమని అడగండి. సాయంత్రం రైలు దిగాక పెట్టినా సభే. కాగితం చదివిన తర్వాత మీకు ఒప్పుదల లేకపోతే, లేచి, నా మాట రాయండి మేస్టారూ అనండి. ఆయన మీద కోపంతో అనక్కర్లేదు. ఆయన కన్వీనరు, రాయడం ఆయన పని, మీ మాట రాసి ఉంటే పైవాళ్లకు చెప్పడానికి ఆయనకూ బలం. ఏం రాయించాలో తెలియకపోతే ఇలా చెప్పండి. మా వీధి నుంచి కొత్త బడికి వెళ్లే దారిలో రైలుగేటు ఉంది, దాటించడానికి మనిషి లేడు, ఆటో ఖర్చు మేము పెట్టుకోలేము, ఈ రెండూ తేలేదాకా ఈ మార్పుకు మేము ఒప్పుకోవడం లేదు, ఇట్లు ఫలానా తరగతి పిల్లల తల్లులం. ఇంతే చాలు. రాసింది చదివించుకుని వినండి. విన్నాక, దాని కింద మాత్రమే వేలిముద్ర వెయ్యండి.

ఆ పేజీ నకలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ అభ్యంతరం ఎవరూ పట్టించుకోకపోతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. మూడు నెలల్లో తేల్చాలని ఆ సెక్షన్ చెబుతోంది. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు ఉంది. ఈ ఫిర్యాదుకు మీరు జతచేయాల్సిన మొదటి కాగితం ఆ తీర్మానాల పుస్తకంలోని పేజీయే. అందుకని వచ్చే సభకు వెళ్లేటప్పుడు పక్కింటి ఇద్దరు తల్లుల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.